పేరు ఎవరిది?

కోలారు జిల్లాలో తూర్పు కొసన ఉన్న ఊరు ముళబాగిలు. కన్నడంలో 'మూడల బాగిలు' అంటే తూర్పు వాకిలి. ఆ మాటే వాడుకలో ముళబాగిలు అయిందని చెబుతారు. బెంగళూరు నుంచి తిరుపతికి వెళ్ళే దారిలో ఉన్న ఈ ఊరికి దోసెలవల్ల కూడా మంచి పేరు వచ్చింది. నేయి వేసి ఎర్రగా కాల్చిన ముళబాగిలు దోసెను ఒకసారి తిన్నవారు మరచిపోరు. బెంగళూరులో పలు హోటళ్ళ బోర్డులమీద ఇప్పుడు 'ముళబాగిలు దోసె' అన్న మాట కనిపిస్తుంది. ఆ హోటళ్ళను నడిపేవారందరూ ఈ ఊరివారే కానక్కరలేదు.

ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. ఊరి పేరు ఊరందరిదీ. దాన్ని ఏ ఒక్కరూ తన సొంతమని చెప్పుకోలేరు. కాని మరొక సందర్భాన్ని ఊహించండి. ఒకాయన తన హోటలుకు ఒక పేరు పెట్టుకొని, ఇరవై ఏళ్ళు కష్టపడి, నాణ్యత తగ్గకుండా వంట చేయించి, ఆ పేరుకు గౌరవం సంపాదించాడు. ఆ వీధిలోనే ఇంకొకాయన అదే పేరుతో హోటలు తెరిచాడు. దూరప్రయాణం చేసి వచ్చినవాడు బోర్డు చూసి రెండో హోటలులోకి వెళ్ళాడు. అక్కడ భోజనం బాగాలేకపోతే ఎవరిని తిడతాడు? మొదటి ఆయననే. నష్టపోయేది ఆయన ఒక్కడే కాదు; తిన్నవాడు కూడా మోసపోయాడు.

ఇలాంటి మోసం జరగకుండా చూడడానికే 'ట్రేడ్ మార్కు' చట్టం ఏర్పడింది. ట్రేడ్ మార్కు అంటే వ్యాపార చిహ్నం. అది ఒక పేరు కావచ్చు, ఒక బొమ్మ కావచ్చు, రెండూ కలిసినది కావచ్చు. ఈ వస్తువు ఫలానావారు తయారు చేసినది అని కొనేవారికి తెలియజెప్పడమే దాని పని. చదువురానివారు కూడా పొట్లంమీది బొమ్మను చూసి తమకు కావలసిన వస్తువును గుర్తుపడతారు. మన దేశంలో ఇటువంటి చట్టం మొదట 1940లో వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 1999లో చేసిన చట్టం. అది 2003 నుంచి అమలులోకి వచ్చింది.

చిహ్నాన్ని నమోదు చేయించుకోవాలనుకొన్నవారు రిజిస్ట్రారు కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. కర్ణాటకకు, ఆంధ్ర ప్రాంతానికి సంబంధించిన కార్యాలయం చెన్నైలో ఉంది. వస్తువులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. పాలు, మాంసం, గుడ్లు, వంటనూనెలు 29వ తరగతిలోకి వస్తాయి. కాఫీ, టీ, పిండి, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. దరఖాస్తును ప్రభుత్వ పత్రికలో ప్రకటిస్తారు. అభ్యంతరం ఉన్నవారు నాలుగు నెలలలోగా తెలుపవచ్చు. నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. కొన్ని పొట్లాలమీద చిన్న వృత్తంలో ఇంగ్లీషు 'ఆర్' అక్షరం కనిపిస్తుంది గదా! ఆ చిహ్నం నమోదైనదని దానికి అర్థం.

ఈ చట్టం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి మన జిల్లాలో ప్రతి ఇంటికీ తెలిసిన పేరును తీసుకొందాం. ఆ పేరు 'నందిని'.

మన పల్లెలలో ఉదయం, సాయంత్రం రైతులు క్యాన్లతో పాలు తీసుకొని సహకార సంఘానికి వెళ్ళడం మీరు చూస్తూనే ఉంటారు. అక్కడ పాలు కొలుస్తారు, వెన్న శాతం పరీక్షిస్తారు. ఇలా ఊరూరా పోగైన పాలు జిల్లా యూనియన్లకు చేరుతాయి. ఆ యూనియన్లన్నీ కలిసిన సంస్థే కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య. ఈ సమాఖ్య 1985 నుంచి పాలను, పెరుగును, నేతిని 'నందిని' అన్న పేరుతో అమ్ముతున్నది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గీత లోపల ఒక ఆవు బొమ్మ, దాని కింద 'నందిని' అన్న ఒకే మాట - ఇది వారి చిహ్నం. ఆ పేరు వెనుక లక్షలమంది రైతుల కష్టం ఉంది.

బెంగళూరులో 'నందిని డీలక్స్' అనే హోటళ్ళు కూడా ఉన్నాయి. ఆంధ్ర పద్ధతి భోజనానికి ఇవి పేరు పొందాయి. వీరు ఈ పేరును 1989 నుంచి వాడుతున్నారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు వీరి పేరులో 'డి' తరువాత 'హెచ్' అక్షరం అదనంగా ఉంటుంది. చిహ్నంలో దీపం బొమ్మ, దానితోపాటు జీవితానికి అసలైన మసాలా అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉంటాయి. చెవికి మాత్రం రెండు పేర్లూ ఇంచుమించు ఒకటిగానే వినిపిస్తాయి.

హోటలువారు తమ వంటకాలకు ఈ పేరును నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకొన్నారు. పాల సమాఖ్య అభ్యంతరం చెప్పింది. "పేరు మాది. మేము ముందునుంచీ వాడుతున్నాము. మీ వస్తువులూ మా వస్తువులూ ఒకే తరగతిలోకి వస్తాయి. జనం మీ వంటకాలను మావే అనుకొనే ప్రమాదం ఉంది" అన్నది సమాఖ్య వాదన. "మేము నడిపేది భోజనశాల. మీరు అమ్మేది పాలు. మా చిహ్నం వేరు, మీ చిహ్నం వేరు. ఇన్నేళ్ళుగా మేమూ ఈ పేరుతోనే బతుకుతున్నాము" అన్నది హోటలువారి వాదన.

రెండు వాదనలలోనూ న్యాయం ఉన్నట్లే తోస్తుంది గదా! అందుకే ఈ తగవు అంత త్వరగా తేలలేదు. 2007లో డిప్యూటీ రిజిస్ట్రారు హోటలువారికి అనుకూలంగా తీర్పు చెప్పారు. సమాఖ్య ఆనాటి మేధాసంపత్తి అప్పీళ్ళ మండలికి వెళ్ళింది. మండలి ఆ తీర్పును కాదని సమాఖ్య పక్షం వహించింది. (ఆ మండలిని 2021లో రద్దు చేశారు. ఇప్పుడు అటువంటి అప్పీళ్ళను హైకోర్టులే వింటున్నాయి.) 2014 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు కూడా మండలి మాటే సరి అన్నది. హోటలువారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2018 జులై 26న జస్టిస్ ఎ. కె. సిక్రీ, జస్టిస్ అశోక్ భూషణ్‌ల ధర్మాసనం తుది తీర్పు చెప్పింది. ఈసారి గెలుపు హోటలువారిది.

సుప్రీంకోర్టు అలా ఎందుకు చెప్పింది? కారణాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, 'నందిని' అన్న మాట ఎవరూ కొత్తగా పుట్టించినది కాదు. అది దేవత పేరు. పురాణాలలో ప్రసిద్ధమైన గోవు పేరు. మన ఊళ్ళలో ఆ పేరు గల ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. ఎవరైనా తామే ఒక కొత్త మాటను సృష్టించుకొంటే దానిమీద వారికి గట్టి హక్కు ఉంటుంది. అందరి నోటా ఉన్న మాటను తీసుకొన్నవారికి అంత గట్టి హక్కు ఉండదు.

రెండవది, కొనేవాడి దృష్టి. కోర్టు రెండు చిహ్నాలను పక్కపక్కన పెట్టి చూసింది. ఒకదానిలో ఆవు, మరొకదానిలో దీపం. సామాన్యమైన తెలివి గల మనిషి ఈ రెంటినీ చూసి పొరపాటు పడడని తేల్చింది.

మూడవది, కాలం. సమాఖ్య పేరు పెట్టుకొన్న నాలుగేళ్ళకే హోటలువారు తమ పేరును మొదలుపెట్టారు. అంతటి ఖ్యాతి అప్పటికే పాల పేరుకు వచ్చిందని, దాన్ని కాజేయడానికే హోటలువారు ఆ పేరు పెట్టుకొన్నారని చెప్పడానికి వీలులేదు. ఇద్దరూ తమ తమ పనిలో నిజాయితీగా ఎదిగినవారే.

నాల్గవది, తరగతి. రెండు వస్తువులు ఒకే తరగతిలో ఉన్నంతమాత్రాన అవి ఒకటి కావు. పాలు అమ్మేవారు ఆ తరగతిలోని మాంసానికి, గుడ్లకు కూడా పేరును తమకే ఉంచుకొంటామంటే కుదరదు. ఈ సూత్రం కొత్తది కాదు. హైదరాబాదుకు చెందిన ఒక సిగరెట్ల కంపెనీ 'చార్మినార్' పేరు పొగాకు వస్తువులన్నిటికీ తనదే అన్నప్పుడు, 1996లో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. కంపెనీ చేసేది సిగరెట్లు కాబట్టి హక్కు కూడా సిగరెట్లవరకే అన్నది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. హోటలువారి దరఖాస్తులో పాలు, పాల వస్తువులు కూడా ఉండేవి. వాటిని వదులుకొంటామని వారు కోర్టుకు చెప్పారు. అందువల్ల పాలకు, పెరుగుకు, నేతికి 'నందిని' పేరు రైతుల సంస్థ దగ్గరే ఉండిపోయింది. హోటలు భోజనానికి పేరు హోటలువారికి మిగిలింది.

అయితే పేర్లు దగ్గరగా ఉన్నా పరవాలేదని దీని అర్థమా? కాదు. 1959లో సుప్రీంకోర్టు మరొక తగవును విచారించింది. ఒక కంపెనీ విటమిన్లు కలిపిన గ్లూకోజు పొడిని 'గ్లూకోవిటా' అన్న పేరుతో అమ్మేది. మరొక కంపెనీ తన బిస్కట్లకు 'గ్లూవిటా' అన్న పేరు కావాలని కోరింది. గ్లూకోజు వేసి బిస్కట్లు చేయడం మామూలే కాబట్టి, రెండూ ఒకే కంపెనీవని జనం భ్రమపడతారని కోర్టు భావించింది. 'గ్లూవిటా'ను నమోదు చేయడానికి ఒప్పుకోలేదు. సామాన్యుడు రెండు పేర్లను పక్కపక్కన పెట్టుకొని చూడడు. లీలగా గుర్తున్నదానిని బట్టి కొంటాడు అన్నది ఆ తీర్పులోని ముఖ్యాంశం. ఒక తగవులో పేరు నిలవలేదు, మరొకదానిలో నిలిచింది. కాని రెంటిలోనూ న్యాయమూర్తులు వేసుకొన్న ప్రశ్న ఒక్కటే: అంగడిలో కొనే మనిషి మోసపోతాడా?

పేరు పొలం వంటిది. దున్ని, నీరు పెట్టి, కాపాడినవాడికి అది దక్కాలి. కాని ప్రతి పొలానికీ గట్టు ఉంటుంది. మన శ్రమ ఎంతవరకు సాగిందో మన హక్కు కూడా అంతవరకే.

మళ్ళీ మన దోసె దగ్గరకు వద్దాం. ఊరి పేరును ఒక్కరి చిహ్నంగా నమోదు చేయడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఒక ప్రాంతంవల్ల ప్రసిద్ధికెక్కిన వస్తువులకు భౌగోళిక గుర్తింపు అనే వేరే రక్షణ ఉంది. ధారవాడ పేడా, బందరు లడ్డు అటువంటి గుర్తింపును పొందాయి. అది ఏ ఒక్క అంగడిదీ కాదు; ఆ ప్రాంతంలో పద్ధతి ప్రకారం తయారు చేసేవారందరిదీ. రేపు మీలో ఎవరైనా ఒక అంగడి తెరిస్తే, బోర్డు రాయించే ముందు ఆ పేరుతో ఇంకెవరైనా ఉన్నారేమో విచారించండి. తరువాత ఆ పేరుకు మంచి అర్థం తీసుకురండి. పేరును చట్టం కాపాడగలదు. పేరు తెచ్చుకోవలసింది మాత్రం మనమే.

కొత్త మాటలు

చిహ్నం - గుర్తు
ఖ్యాతి - కీర్తి, మంచి పేరు
అభ్యంతరం - అడ్డు చెప్పడం
ధర్మాసనం - తీర్పు చెప్పే న్యాయమూర్తుల బృందం
రుసుము - ప్రభుత్వానికి చెల్లించే సొమ్ము
సమాఖ్య - సంఘాలు కలిసి ఏర్పరచుకొన్న పెద్ద సంఘం

అభ్యాసం

1. ట్రేడ్ మార్కు ఎవరికి మేలు చేస్తుంది? వ్యాపారికా, కొనేవారికా? కారణాలతో రాయండి.
2. 'నందిని' తగవులో ఇరుపక్షాల వాదనలను మీ సొంత మాటలలో చెప్పండి.
3. 'గ్లూవిటా'కు దక్కని పేరు హోటలువారికి ఎందుకు దక్కింది?
4. "పేరు పొలం వంటిది" - ఈ పోలికను వివరించండి.
5. మీ ఇంటికి వచ్చే ఐదు వస్తువుల పొట్లాలను చూసి, వాటి పేర్లను, బొమ్మలను ఒక పట్టికగా రాయండి.