సంతకం పెట్టినంత మాత్రాన పరిహారం పోదు!

డెంకణికోట: తెల్లవారక ముందే బస్టాండు దగ్గర టీ అంగళ్లు తెరుస్తారు. క్యారియర్లు పట్టుకున్న కుర్రాళ్లు కొందరు హోసూరు సిప్కాట్‌కు, ఇంకొందరు సరిహద్దు దాటి అత్తిబెలె, బొమ్మసంద్ర, జిగణి కంపెనీలకు బయల్దేరతారు. రాగి చేలు, గులాబీ తోటల మధ్య పెరిగినవాళ్లే ఇప్పుడు ప్రెస్సుల మీద, లేతు మెషిన్ల మీద పనిచేసి నాలుగు రాళ్లు సంపాదిస్తున్నారు. రాతి క్వారీలకు, క్రషర్లకు కూలికి పోయేవాళ్లు సరేసరి. వీళ్లలో ఎవరో ఒకరు ఒకరోజు చేతికి కట్టుతో తిరిగొస్తారు. ఊళ్లో పది రోజులు అదే మాట. తర్వాత అందరూ మరిచిపోతారు, వేలు పోయినవాడు తప్ప.

ఆ పది రోజుల్లోనే అసలు కథ నడిచిపోతుంది. కాంట్రాక్టరు తరఫున ఒకాయన ఇంటికి వస్తాడు. "ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకుంటిమి కదప్పా, ఈ ఇరవై వేలు ఉంచుకో, ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు. స్టాంపు కాగితంపై తమిళంలో ఏం రాశారో చదివి చెప్పేవాళ్లుండరు. ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు చేస్తారు. ఇకపై ఏ డబ్బూ అడగనని రాసిచ్చాడు కాబట్టి కథ ముగిసిందని రెండు వైపులా అనుకుంటారు.

చట్టం మాత్రం అలా అనుకోదు. పరిహారాన్ని వదులుకుంటానని కార్మికుడు రాసిచ్చినా చెల్లదని 1923 నాటి నష్టపరిహార చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి రావడంతో ఆ చట్టం అందులో కలిసిపోయింది. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ మూలం మారలేదు. ఏకమొత్తంగా డబ్బిచ్చి రాజీ పడితే ఆ ఒప్పందాన్ని కార్మికశాఖ అధికారి దగ్గర నమోదు చేయించాలి. సొమ్ము మరీ తక్కువగా ఉందనో, మోసంతో, ఒత్తిడితో రాయించుకున్నారనో తేలితే నమోదుకు ఆయన నిరాకరించవచ్చు. నమోదే చేయించకపోతే యజమాని పూర్తి పరిహారం కట్టాల్సిందే. పాత చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అధికారి ఒప్పుకుంటే తప్ప, అప్పటికే ఇచ్చిన దాంట్లో సగానికి మించి మినహాయించుకోవడానికీ వీల్లేదు. కార్మికుడు చనిపోయిన కేసుల్లో అయితే కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, కుటుంబం చేతిలో నేరుగా పెట్టిన సొమ్ము పరిహారం లెక్కలోకే రాదు. దాన్ని అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి.

వేలికి లెక్క ఇదీ..

వేలికి ధర కట్టడమేమిటని బాధనిపించవచ్చు. చట్టం వందేళ్లుగా చేస్తున్నది అదే. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, ఒకే చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం నష్టమని పట్టిక ఉంది. నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించి, అందులో ఈ శాతం తీస్తారు. లెక్కకు తీసుకునే వేతనంపై గరిష్ఠ పరిమితిని కేంద్రం 2020 జనవరిలో 15 వేలకు పెంచింది.

పాతికేళ్ల కుర్రాడు, జీతం 15 వేలు అనుకుందాం. అందులో 60 శాతం 9 వేలు. పాతికేళ్ల గుణకం 216.91. హెచ్చిస్తే 19,52,190 రూపాయలు. చూపుడువేలికి అందులో 14 శాతం, అంటే 2 లక్షల 73 వేల పైచిలుకు. బొటనవేలికైతే 5 లక్షల 85 వేలు దాటుతుంది. కాంట్రాక్టరు ఇచ్చిన ఇరవై వేలను దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆస్పత్రి ఖర్చు ఇందులో కలవదు, అది వేరుగా ఇవ్వాలి. నెలలోపు పరిహారం చెల్లించకపోతే వడ్డీ పడుతుంది. సరైన కారణం చూపకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

పట్టికలో ఉన్న శాతమే ఆఖరి మాట కాదు. ఒడిశాలోని జైపూరులో 1968లో సినిమా హాలు పని చేస్తూ ఒక వడ్రంగి పడిపోయాడు. ఎడమ చేతిని మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి నూటికి నూరు శాతం నష్టం జరిగినట్టేనన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975 డిసెంబరులో కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. చేసే పనిని బట్టి నష్టం ఉంటుందన్న మాట.

'మా మనిషి కాదు'

కంపెనీ గేటు దగ్గర తరచూ వినిపించే మాట ఇది. 'అతను కాంట్రాక్టరు మనిషి' అంటారు. కాంట్రాక్టరేమో ఫోన్ ఎత్తడు. కంపెనీ తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకిచ్చినప్పుడు, కార్మికుడు పరిహారం కోసం నేరుగా కంపెనీనే అడగవచ్చు. కట్టిన సొమ్మును కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం కంపెనీ తిప్పలు.

రెండో మాట, 'తప్పు నీదే'. ఏమరుపాటు కారణంగా హక్కు పోదు. తాగి ఉన్నా, భద్రత కోసం పెట్టిన గార్డును కావాలనే తీసేసినా యజమాని తప్పించుకునే వీలుంది. అప్పుడు కూడా మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కేసుల్లో ఆ వాదన చెల్లదు. ఉత్పత్తి పెరగాలని సూపర్‌వైజరే గార్డు తీయించిన చోట అది కార్మికుడి తప్పెలా అవుతుంది?

జీతంలో ఈఎస్‌ఐ కోత ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్లకు ఈ పరిహారం కాకుండా ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. కోలుకునేదాకా వేతనంలో 90 శాతం లెక్కన ఇస్తారు. వైకల్యం మిగిలిపోతే మెడికల్ బోర్డు తేల్చిన శాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా వస్తుంది. పని ప్రమాదానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజు జరిగినా వర్తిస్తుంది. చేర్చాల్సిన కార్మికుడి పేరును యజమాని ఎక్కించకపోతే ఈఎస్‌ఐ సంస్థ డబ్బిచ్చి, యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు.

జిగణిలో దెబ్బ తగిలితే కేసు కోసం కర్ణాటక చుట్టూ తిరగాలేమోనని ఇక్కడివాళ్లు వెనక్కి తగ్గుతుంటారు. అక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాకుండా, కార్మికుడు గానీ, చనిపోతే అతని కుటుంబం గానీ నివసించే ప్రాంతంలోని అధికారి దగ్గరా దరఖాస్తు వేయవచ్చు. ఇక్కడ పనిచేసే ఒడిశా, బిహారు కూలీలకూ ఇదే వర్తిస్తుంది. నైట్ షిఫ్టు దిగి బైకుపై ఇంటికొస్తూ పడినా, ఆ ప్రయాణానికీ పనికీ సంబంధం ఉందని తేలితే కొత్త స్మృతి దాన్ని పని ప్రమాదంగానే చూస్తుంది.

ఇవన్నీ నిలబడాలంటే మొదటి గంటలో చెప్పే మాట ముఖ్యం. 'ఇంట్లో జారిపడ్డానని చెప్పు, లేకపోతే పోలీసు కేసవుతుంది' అని కంపెనీ తరఫున వచ్చినవాళ్లు నేర్పుతారు. ఆస్పత్రి ప్రమాద రిజిస్టర్‌లో అదే ఎక్కితే తర్వాత ఎంత మొత్తుకున్నా కష్టం. ఏ కంపెనీ, ఏ మెషిను, ఎన్ని గంటలకు అన్నది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి ఏఆర్ కాపీ తీసుకోవాలి. గేట్ పాసు, హాజరు చీటీ, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం, పక్క మెషిన్‌పై ఉన్నవాడి సాక్ష్యం.. ఏదీ పారేసుకోకూడదు.

వకీలుకు ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు కృష్ణగిరిలోని జిల్లా న్యాయసేవల సంస్థను అడగవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. పరిహారం దరఖాస్తుకు గడువు రెండేళ్లు. అది ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుంది. 'వచ్చే నెల చూద్దాంలేప్పా' అని కాంట్రాక్టరు తిప్పించుకున్న నెలలన్నీ అందులోనే కరిగిపోతాయి.