రేవులో తొమ్మిది గంటలు

సముద్రతీరానికి చాలా దూరంలో, దక్కను పీఠభూమి మీద, కొండరాళ్ల నడుమ వెలసిన నగరం హైదరాబాదు. అయినప్పటికీ ఈ నగరానికి ఓడతో సంబంధం కొత్తది కాదు. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధానమైన రేవు. అక్కడి నుండి అద్దకపు వస్త్రాలు సుమత్రా దీవిలోని అచేకు, బర్మాలోని పెగూకు, ఇంకా తూర్పుగా ఉన్న సుగంధ ద్రవ్యాల దీవులకు తరలిపోయేవి. డచ్చివారు, ఆంగ్లేయులు పదిహేడవ శతాబ్ది ఆరంభంలోనే మచిలీపట్నంలో వర్తకశాలలు నెలకొల్పుకోవడానికి కారణం ఈ వస్త్రాలే. ఈ వస్త్రాలు చేతిలో ఉంటేనే ఆ దీవులలో మిరియాలు, లవంగాలు దొరికేవి.

ఆ గోలకొండ కోటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే నేటి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలున్నాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఇక్కడ పెరిగిన సాఫ్ట్‌వేర్ సంస్థలలో పనిచేసే వారు అనేకులు, కూడబెట్టుకొన్న సెలవులతో తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని విమానంలో సింగపూర్ చేరి, అక్కడ విహారనౌక ఎక్కుతున్నారు. మూడు నాలుగు రాత్రుల ప్రయాణం. నడుమ ఒకటి రెండు రేవులు. పినాంగ్, పోర్ట్ క్లాంగ్, ఫుకెట్ తరచుగా వినిపించే పేర్లు. ప్రయాణం కాస్త పొడవైనదైతే థాయిలాండ్‌లోని లేమ్ చబాంగ్, వియత్నాంలోని ఫూ మీ కూడా చేరుతాయి.

ఓడలోని భోజనాన్ని గురించి, ఈత కొలనుల గురించి ప్రకటనలే చెబుతాయి. ప్రకటనలు చెప్పని విషయం ఒకటున్నది. ఓడ రేవులో ఆగిన కొద్ది గంటలను ఎట్లా వినియోగించుకోవాలి? ఈ లెక్క తప్పితే నష్టం చిన్నది కాదు. ఓడ ఎవరికోసమూ ఆగదు. వెనుకబడినవారు సొంత ఖర్చుతో మరో రేవుకు వెళ్లి దానిని అందుకోవాలి, లేదా అక్కడి నుండే ఇల్లు చేరాలి. వెంట వృద్ధులైన తల్లిదండ్రులున్నప్పుడు, మందుల సంచి ఓడ గదిలో ఉండిపోయినప్పుడు ఆ కష్టం ఎటువంటిదో ఊహించడం తేలికే.

పూర్వం ఈ తొందర లేదు. తెరచాప ఓడలు ఋతుపవనాలకు లోబడి నడిచేవి. ఒక గాలితో వెళ్లినవారు ఎదురుగాలి మళ్లే వరకు నెలల తరబడి పరదేశంలో నిలిచిపోవలసిందే. రేవు పట్టణాలలో అన్ని జాతుల వీథులు, గుడులు, మసీదులు వెలసింది ఈ నిరీక్షణ వల్లనే. నేటి ఓడకు గాలితో పనిలేదు. రేవులో నిలిచినందుకు అది రుసుము చెల్లించాలి. పైగా ఓడలోని సుంకం లేని దుకాణాలు, జూదశాల సాధారణంగా నడి సముద్రంలోనే తెరుస్తారు, రేవులో మూసివేస్తారు. కనుక ఎక్కువ సేపు ఆగడం ఓడ యజమానికి లాభం కాదు. రేవు రుసుము మనకు కొత్త మాట కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజులు దోచుకొనే పద్ధతిని మాన్పించి, సరుకు మీద ముప్పయ్యవ వంతు సుంకం మాత్రమే తీసుకొంటామని వర్తకులకు మాట ఇచ్చింది. నేటి ప్రయాణికుని టికెట్టులో ‘పోర్టు ఛార్జీలు’ అని వేరుగా కనిపించే మొత్తం ఆ సుంకానికి దూరపు బంధువు.

ఇక లెక్కలోనికి వద్దాం. ఓడ ఉదయం 8 గంటలకు లేమ్ చబాంగ్ చేరి, సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందని అనుకొందాం. కాగితం మీద అవి తొమ్మిది గంటలు. అయితే ఓడ ఒడ్డుకు కట్టిన వెంటనే దిగనివ్వరు. రేవు అధికారుల అనుమతి రావాలి, వేలమంది వరుసలో కదలాలి. దీనికి ఒక గంట. బయలుదేరే సమయానికి అరగంట నుండి గంట ముందే అందరూ ఓడలో ఉండాలన్నది నియమం. మరొక గంట. మిగిలినవి ఏడు. బ్యాంకాక్ నగరం రేవుకు 100 కిలోమీటర్లకు పైగా దూరం. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. మిగిలినవి మూడు. రహదారిపై రద్దీ కోసం ఒక గంట విడిచిపెట్టక తప్పదు. వాన కురిసిన సాయంత్రం బయోడైవర్సిటీ కూడలి దాటిన అనుభవం ఉన్నవారికి దీనిని వివరించనక్కరలేదు. చివరకు చేతిలో ఉండేది రెండు గంటలు. అందులోనే భోజనం! ఒక్క రాజప్రాసాదాన్ని చూడడానికే ఆ రెండు గంటలు చాలవు. మూడు దేవాలయాలు, నదీవిహారం, బజారు అన్నీ ఒకే రోజున చూపిస్తామనేవారి మాట ఎంతవరకు నమ్మదగినదో ఈ లెక్కే చెబుతుంది.

పినాంగ్ సంగతి వేరు. అక్కడ ఓడ నిలిచే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ నగరాన్ని ఆనుకొనే ఉన్నది. దిగి నడిస్తే చాలు. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఆంగ్లేయుల స్థావరాన్ని నెలకొల్పిన చోట కార్న్‌వాలిస్ కోట, ఆ వెనుక క్వీన్ స్ట్రీట్‌లో మారియమ్మన్ కోవెల, కొద్ది దూరంలో కపితాన్ కెలింగ్ మసీదు, చీనీ వంశీయుల ఖూ కోంగ్సీ భవనం వరుసగా కనిపిస్తాయి. ‘కెలింగ్’ అనే మాట కళింగ శబ్దం నుండి పుట్టినదని పండితులు చెబుతారు. మన తూర్పుతీరం నుండి వెళ్లినవారిని మలయా ప్రజలు ఒకప్పుడు ఆ పేరుతో పిలిచేవారు. కాలక్రమంలో ఆ పిలుపు నిందార్థంలోనికి జారింది. అక్కడ దానిని నోట పలకకపోవడమే మర్యాద. జార్జ్‌టౌన్, మలక్కా పట్టణాలను 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పినాంగ్‌కు ఎదురుగా ఉన్న ప్రధాన భూభాగంలో 1834లో జేమ్స్ లో అనే బ్రిటిష్ అధికారి ఒక శిలాఫలకాన్ని కనుగొన్నాడు. ఐదవ శతాబ్దికి చెందిన ఆ సంస్కృత శాసనంలో బుద్ధగుప్తుడనే ‘మహానావికుడు’ తన ప్రయాణం సిద్ధించాలని కోరుకొన్నాడు. ఇంతటి చరిత్ర కాలినడక దూరంలో ఉండగా, మన నగరంలోనూ దొరికే వస్తువులు అమ్మే అంగళ్లలో పూటంతా గడిపేవారిని చూస్తే జాలి కలుగుతుంది.

అందువల్ల ఒక్కొక్క రేవుకు ఒక్కొక్క పద్ధతి తగును. నగరం దగ్గరగా ఉన్న పినాంగ్ వంటి చోట స్వయంగా తిరగవచ్చు. ఖర్చు కలిసివస్తుంది, తల్లిదండ్రులు అలసినప్పుడు ఎక్కడైనా కూర్చోవచ్చు. నగరం దూరమైన లేమ్ చబాంగ్, ఫూ మీ వంటి చోట్ల ఓడవారు ఏర్పాటుచేసే విహారయాత్ర ధర ఎక్కువైనా మేలు. వారి బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది. స్వయంగా వెళ్లినవారికి ఆ భరోసా లేదు. ఆ అధిక ధరను భయానికి చెల్లించే వెలగా భావించనక్కరలేదు. కాలానికి చెల్లించే వెల అది.

ఫుకెట్‌లో మరొక చిక్కున్నది. పటాంగ్ వద్ద పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దూరంగా లంగరు వేస్తుంది. ప్రయాణికులను ‘టెండర్’ అనే చిన్న పడవలలో దింపుతారు. ఓడకూ పడవకూ నడుమ అలల మీద అడుగు వేయవలసి ఉంటుంది కనుక మోకాళ్ల నొప్పులున్నవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి ఇది కష్టం. మే నుండి అక్టోబరు వరకు వీచే నైరుతి ఋతుపవనాల వల్ల ఆ తీరంలో అలలు పెరుగుతాయి. సముద్రం కల్లోలంగా ఉంటే నాయకుడు ఆ విడిదినే రద్దు చేయవచ్చు. ముందే డబ్బు కట్టి బయటివారి పడవను మాట్లాడుకొన్నవారు ఆ సొమ్ము తిరిగి వచ్చేదీ లేనిదీ మొదటే అడిగి తెలుసుకోవాలి. మలక్కా జలసంధి మాత్రం రెండు వైపులా భూమి ఉండడం వల్ల సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది.

గడియారం విషయంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మోసపోరనుకొంటాం. అమెరికా కాలమానంతో దినదినం పనిచేసేవారు కదా! కానీ చిక్కు ఇక్కడే ఉన్నది. సింగపూర్, మలేషియాల సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు. థాయిలాండ్, వియత్నాంల సమయం గంటన్నర ముందు. కొన్ని ఓడలు రేవును బట్టి గడియారం మారుస్తాయి, కొన్ని సింగపూర్ సమయాన్నే పాటిస్తాయి. ఫుకెట్‌లో దిగగానే సెల్‌ఫోన్ తనంతట తానే స్థానిక సమయానికి మారుతుంది. ఫోనులో 4 గంటలని చూసి, 5 గంటల ఓడకు ఇంకా గంట ఉన్నదని నిశ్చింతగా కొబ్బరినీళ్లు తాగేవానికి, ఓడ గడియారంలో అప్పటికే 5 అయిందన్న సంగతి తెలియదు. దిగేటప్పుడు మెట్ల దగ్గర వ్రాసిపెట్టే సమయాన్ని చూసి, చేతి గడియారాన్ని ఓడ సమయంలోనే ఉంచుకోవడం ఉత్తమం. ఓడలో ప్రతిదినం ఇచ్చే సమాచార పత్రంలో ఆ రేవులోని ఓడ ప్రతినిధి ఫోను నంబరు ఉంటుంది. దానిని కాగితం మీద వ్రాసి ఇంటిల్లిపాది జేబుల్లోనూ ఉంచాలి.

వీసాను గురించి ఒక్క మాట. సింగపూర్‌లో ఓడ ఎక్కి పినాంగ్ చేరడమంటే ఒక దేశాన్ని విడిచి మరొక దేశంలో ప్రవేశించడమే. తిరిగి సింగపూర్‌లో దిగడం రెండవ ప్రవేశం. ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసాతో వెళ్లినవారు చివరి రోజున ఇబ్బంది పడతారు. ఆయా దేశాల నిబంధనలు తరచుగా మారుతుంటాయి కాబట్టి గత సంవత్సరం వెళ్లివచ్చిన మిత్రుని మాట ప్రమాణం కాదు. సింగపూర్‌లో ఓడలు బయలుదేరే టెర్మినళ్లు రెండున్నాయి: ఒకటి హార్బర్‌ఫ్రంట్‌లో, రెండవది 2012లో తెరచిన మెరీనా బేలో. టికెట్టులో ఉన్నది ఏదో చూసుకోవాలి. శంషాబాదు నుండి బయలుదేరిన రోజునే ఓడ ఎక్కాలనుకోవడం సాహసం. ముందు రాత్రికే చేరడం మంచిది. ఇంటి నుండి తెచ్చుకొన్న పులిహోర, పండ్లు రేవులో దించడానికి చాలాచోట్ల ఒప్పుకోరు.

ఈ లెక్కను తిరగవేసి మన తీరానికే అన్వయించి చూడవచ్చు. విశాఖపట్నంలో 2023లో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. ఓడ ఉదయం 8 గంటలకు అక్కడికి చేరి సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుందనుకొందాం. దిగడానికి, ఎక్కడానికి రెండు గంటలు పోగా ఏడు మిగులుతాయి. బొర్రా గుహలు సుమారు 90 కిలోమీటర్ల దూరం, అందులో కొంత ఘాట్ రోడ్డు. రానుపోను ఐదు గంటలకు తక్కువ కాదు. సముద్రానికి అభిముఖంగా కొండపై నిలిచిన తొట్లకొండ బౌద్ధారామం మాత్రం భీమిలి దారిలోనే ఉన్నది. దానిని, దగ్గరలోని బావికొండను నింపాదిగా చూసి, తీరంలో భోజనం చేసి, మూడు గంటలకే ఓడ మెట్ల దగ్గరకు రావచ్చు.