ఇంటి వ్యయము - రేఖీయ సమీకరణము

“మా పిల్లవాడు సమీకరణములు చేయుచున్నాడు, అవి నిత్యజీవితమున ఎందుల కుపకరించును?” అని తల్లిదండ్రులు కొందరు మమ్ము నడుగుచుందురు. పాఠశాల తెరచు దినములలో మన యిండ్లలో జరుగు పుస్తకముల కొనుగోలే యీ ప్రశ్నకు సమాధానము.

ఒక కుటుంబము పిల్లల పుస్తకములకై 1200 రూపాయలు కేటాయించిన దనుకొందము. నోటుపుస్తకము వెల 40 రూపాయలు, తెలుగు కథాపుస్తకము వెల 60 రూపాయలు. నోటుపుస్తకముల సంఖ్యను ‘న’ అనియు, కథాపుస్తకముల సంఖ్యను ‘క’ అనియు వ్యవహరించినచో, సొమ్మంతయు వ్యయమగునపుడు

40న + 60క = 1200

అగును. ఉభయపక్షములను 20చే భాగింపగా 2న + 3క = 60 వచ్చును. నోటుపుస్తకములు మాత్రమే కొన్నచో 30, కథాపుస్తకములు మాత్రమే కొన్నచో 20 వచ్చును. ఈ రెండు బిందువులను గళ్ళ కాగితముపై గుర్తించి కలిపినచో ఒక సరళరేఖ యేర్పడును. రేఖపైనున్న పూర్ణసంఖ్యల బిందువులు సొమ్మునకు సరిపోవు కొనుగోళ్ళు. దిగువనున్నవి కొంత మిగుల్చునవి. ఎగువనున్నవి అప్పు చేయించునవి. రేఖ వెంట జరుగునపుడు మూడు నోటుపుస్తకములను విడిచినగాని రెండు కథాపుస్తకములు అదనముగా రావు.

బడికి 15 నోటుపుస్తకములు తప్పవనుకొందము. వానికి 600 రూపాయలు పోగా, మిగిలిన 600కు 10 కథాపుస్తకములు వచ్చును. నోటుపుస్తకము వెల 50కి పెరిగినచో సమీకరణము 50న + 60క = 1200 అగును. అప్పుడు 750 పోగా 450 మిగులును. దానితో 7 కథాపుస్తకములు కొనగా 30 రూపాయలు చేత నిలుచును. పెరిగినది నోటుపుస్తకము వెల. తగ్గినది కథాపుస్తకముల సంఖ్య. పదింటిని నిలుపుకొనవలెనన్న 1350 రూపాయలు కావలెను.

తెలుగు రాష్ట్రములకు వెలుపల నివసించు మనకు ఇది స్వల్పవిషయము కాదు. మన పిల్లల కన్నులకు తెలుగక్షరము కనబడునది బడిలోను, ఇంటనున్న కొలది పుస్తకములలోను మాత్రమే. భారత రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. కాని మన యింటి రేఖపై బిందువును ఎచట నుంచవలెనో ఏ శాసనమును చెప్పజాలదు. అది మనమే నిర్ణయించుకొనవలెను.

కావున అంగడికి పోవుటకు ముందు పిల్లవానిని చెంత కూర్చుండబెట్టుకొని, ఆనాటి వెలలతో సమీకరణమును వానిచేతనే తెలుగున వ్రాయించుడు. కథాపుస్తకముల సంఖ్యను ముందుగా నిర్ణయించి, తక్కిన లెక్కను వానికి విడువుడు. లెక్కయు వచ్చును, పుస్తకమును ఇంటికి వచ్చును.