పదుగురితోడి పథ్యము

స్థూలకాయమును గూర్చిన ప్రసంగము వచ్చినపుడెల్ల అది స్త్రీల విషయమని యెంచుట లోకమున పరిపాటి యైనది. బరువు తగ్గించుకొనుటకై పదుగురు కూడు నాచారము అమెరికాలో బహుకాలముగా నున్నది. 1961లో న్యూయార్కు నగరమున జీన్ నైడెచ్ అను గృహిణి తన యింట చెలులను కూర్చుకొని ప్రారంభించిన కూటమి 1963లో సంస్థగా నేర్పడి, దేశదేశముల వ్యాపించినది. అట్టి కూటములలో నేటికిని స్త్రీలే హెచ్చు. పురుషుడు, అందును పల్లెటూరి పురుషుడు, అందును తరతరములుగా నవమానమున కోర్చిన జాతివాడు, అట్టి చోటికి వచ్చు టెట్లు? అమెరికా దక్షిణ రాష్ట్రములలోని నల్లజాతి పురుషుల విషయమున ఈ ప్రశ్న ప్రాణములతో ముడివడి యున్నది. కావున దానిని గూర్చి కొంత ముచ్చటింతును.

అలబామా, మిసిసిపీ, జార్జియా మొదలగు రాష్ట్రముల నడుమ "బ్లాక్ బెల్ట్" అను సీమ కలదు. మన గుంటూరు, కర్నూలు సీమలలోని రేగడివలెనే అచటి నల్లనేలయు ప్రత్తికి పేరొందినది. ఆఫ్రికానుండి చెఱపట్టి తెచ్చిన జనులచేత దొరలు ఆ ప్రత్తిని పండించిరి. వారికి వారమునకు కొలిచి యిచ్చిన భరణము మొక్కజొన్నపిండి, ఉప్పువేసిన క్రొవ్వుమాంసము. వేకువ మొదలు చీకటి పడువఱకు చేనిలో నొడలు వంచువానికి ఆ క్రొవ్వు అరిగిపోయెను. పిమ్మట ప్రత్తి యేరు యంత్రములు వచ్చినవి, కూలిపనులు పోయినవి, వంట మాత్రము నిలిచినది. దానికి అంగడి తినుబండారములును, చక్కెర పానీయములును తోడైనవి.

అట్లని వారి వంటను నిందింపరాదు. బెండకాయ, అలసందలు ఆఫ్రికానుండి వారితోడనే ఆ దేశమునకు వచ్చినవి. మన జొన్నలకును, రాగులకును పుట్టిల్లు ఆ ఖండమే. ఆకుకూరలు, అలసందలు, చిలగడదుంపలు వారి పల్లెలలో నేటికిని ఇష్టమైన యాహారము. కీడు వస్తువులందు గాక, వేపుటయందును, ఉప్పునందును, తీపియందును, పరిమాణమందును ఉన్నది.

2017–18 సంవత్సరములలో జరిగిన ప్రభుత్వ పరీక్షలలో ఆ దేశపు వయోజనులైన నల్లజాతి పురుషులలో నూటికి 41 మంది స్థూలకాయులని తేలినది. తెల్లజాతి పురుషులలో నీ సంఖ్య యింతకంటె తక్కువ కాదు. అయినను మధుమేహము, రక్తపుపోటు నల్లజాతివారినే హెచ్చుగా పీడించుచున్నవి. కావున దీనిని వారి సోమరితన మనుట అన్యాయము. పేదఱికము, వైద్యుని దూరము, నిత్యమైన మనోవేదన, ఇవియు రోగమునకు తోడగుచున్నవి. 2010 తరువాత నా దేశపు పల్లెపట్టులలో నూఱింటికి మించిన ఆసుపత్రులు మూతపడుటయో, రోగులను చేర్చుకొనుట మానుటయో జరిగినది.

ఇక నివారణోపాయము. 2002లో వెల్లడియైన యొక గొప్ప పరిశోధనమున, మధుమేహము రానున్న లక్షణములు గల 3,234 మందిని పరీక్షించిరి. వారిలో నొక వర్గమునకు మితాహారమును, వారమునకు 150 నిమిషముల వ్యాయామమును నేర్పి, శరీరపు బరువులో నూటికి 7 పాళ్ళు తగ్గుట గమ్యముగా నుంచిరి. ఉత్తమందు పుచ్చుకొన్న వారికంటె వీరిలో మధుమేహము నూటికి 58 పాళ్ళు తక్కువగా వచ్చినది. ఔషధము సేవించిన వర్గమున తగ్గినది 31 పాళ్ళే. అయితే ఒక్కొక్కరికి ఒక్కొక్క బోధకుని నియమించుట మిగుల వ్యయకరము. అందుచేత నదే బోధను పదునైదుగురికి నొక్కచోట చెప్పు పద్ధతి యేర్పడినది. 2010లో ప్రభుత్వము దానిని దేశవ్యాప్త కార్యక్రమముగా చేసినది. మొదటి యారునెలలలో 16 పాఠములు. పిమ్మట సంవత్సరాంతము వఱకు నెలకొక కూటమి.

పద్ధతి మంచిదే, పురుషులు మాత్రము రాలేదు. పై పరిశోధనమునందు సైతము మూడింట రెండు వంతులు స్త్రీలే. నల్లజాతి పురుషునకు వైద్యులయందే నమ్మకము సన్నగిల్లుటకు కారణము కలదు. 1932 మొదలు 1972 వఱకు అలబామాలోని టస్కీగీ ప్రాంతమున ప్రభుత్వ వైద్యులు, సవాయిరోగముగల 399 మంది నల్లజాతి పురుషులకు రోగమేమో చెప్పక, పెనిసిలిన్ లభించిన పిదపకూడ దానిని ఇయ్యక, రోగము ముదురు తీరును చూచుచు కూర్చుండిరి. 1997లో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. అట్టి సీమలో "మీ మేలుకొఱకే" యని తెల్లని యంగరఖా తొడిగి వచ్చువానిని ఎవరు నమ్ముదురు?

కావున వారిని పిలుచుటకు మాఱుగా వారు కూడు తావులకే పోవలెను. ఆ తావులు రెండు: చర్చి, క్షౌరశాల. లాస్ ఏంజిలిస్ నగరమున 52 క్షౌరశాలలలో 319 మంది నల్లజాతి పురుషులపై జరిపిన పరిశోధనము 2018లో వెల్లడియైనది. ఔషధనిపుణులు అంగడికే వచ్చి మందిచ్చిన చోట, ఆరునెలలలో రక్తపుపోటు సగటున 27 అంశములు తగ్గినది; క్షౌరకుడు హితవు మాత్రము చెప్పిన చోట తగ్గినది 9 అంశములే. ఇది నగరపు కథ, బరువు కథయు గాదు. అయినను నమ్మినవాని చెంత, నమ్మిన చోట వైద్యము ఫలించునని దీనివలన తెలియుచున్నది. స్కాట్లండునందు పురుషులను తమ కాలిబంతి జట్ల మైదానములకే రప్పించి 12 వారములు శిక్షణమిచ్చిరి. సంవత్సరాంతమున వారు శిక్షణము లేనివారికంటె సుమారు 5 కిలోలు హెచ్చుగా తగ్గిరని 2014లో ప్రకటించిరి.

కూటమిలో జరుగున దేమి? బరువు నొక్కొక్కరికి చాటున తూతురు. ఎవని యంకె వానికే తెలియును. వారమున తిన్నది, త్రాగినది ఎవరికి వారే వ్రాసికొని వత్తురు. లంఖణము పరమౌషధ మను సామెతను పట్టుకొని పస్తుండు మనరు. వేపుడు బదులు కాల్చిన కోడి, తియ్యని తేనీరు బదులు నీరు, రెండవ వడ్డన బదులు ఆకుకూర, ఇట్టి మార్పులే చెప్పుదురు. తనవంటి వాడే మోకాలి నొప్పితో నడక సాగించెనని వినినపుడు పురుషునకు కలుగు ధైర్యము, ఇల్లాలు నూఱుమార్లు చెప్పినను కలుగదు. ఒకడు రాని వారమున తక్కినవారు కబురంపుదురు. ఈ సాహచర్యమే దీని యాయువుపట్టు.

లోపములును కలవు. తగ్గిన బరువు కొంత మరల వచ్చుట సర్వసాధారణము. పల్లెలలో దూరము హెచ్చు. నడచుటకు దారిప్రక్కన బాటలు లేవు. కొంద ఱర్ధాంతరమున మానుదురు. కాని నూటికి 5 పాళ్ళు తగ్గినను రక్తపుపోటునకును, మధుమేహమునకును మేలు కలుగునని వైద్యులు చెప్పుచున్నారు.

అతిస్థూలుని, అతికృశుని ఇరువురను చరకుడు ఎనమండుగురు నిందితులలో చేర్చి, స్థూలునకే కష్టములు హెచ్చని విడమర్చినాడు. మన దేశమున పది కోట్లమందికి పైగా మధుమేహము గలదని 2023లో వెల్లడియైన లెక్క చెప్పుచున్నది. మన పురుషులకును అరుగులు, రచ్చబండలు, దేవాలయ ప్రాంగణములు కలవు. పేరంటమునకు బొట్టుపెట్టి పదుగురిని పిలుచు నేర్పు మనది. మగవారి కూటమిలో మన ముండ నక్కఱలేదు. వారి నచటికి సాగనంపి, ఆ దినమున వంటలో నూనె తగ్గించి, ఎంత తగ్గితివని వచ్చినవెంటనే అడుగకున్న చాలును.