మేడ కట్టిన చేతులకు నీడ కరవు

సినిమాల్లో బొంబాయి అంటే సముద్రపు ఒడ్డు, ఆకాశాన్నంటే మేడలు, తళతళలాడే కార్లు. హీరో ఉత్తచేతులతో రైలు దిగుతాడు, మూడు గంటల్లో లక్షాధికారి అవుతాడు. పొట్ట చేతబట్టుకుని పల్లె విడిచిన కూలీకి ఎదురయ్యే బొంబాయి వేరు. ఆ బొంబాయిని చూపిన చిత్రమే 'హమారా షహర్'. అంటే 'మా నగరం'.

ఆనంద్ పట్వర్ధన్ 1985లో తీసిన ఈ డాక్యుమెంటరీ నిడివి గంటంపావు. ఇందులో నటీనటులు లేరు. సెట్టింగులు లేవు. ఉన్నదల్లా గుడిసెల్లో, ఫుట్‌పాత్‌ల మీద కాపురముండే జనం. మునిసిపల్ సిబ్బంది పోలీసులతో వచ్చి గుడిసెలు పీకేస్తారు. తట్టాబుట్టా సర్దుకుని సంసారాలు వీధిన పడతాయి. మరోపక్క, వీళ్ల వల్లే నగరం పాడవుతోందని పెద్దమనుషులు వాపోతుంటారు. ఆ నగరాన్ని కడుతున్నది ఈ కూలీలే. మధ్యమధ్య విలాస్ ఘోగ్రే పాట వారి గోడు వినిపిస్తుంది.

ఒకచోట ఒక స్త్రీ సినిమా తీసేవారినే నిలదీస్తుంది. మా కష్టాలు చూపించి మీరు పేరు తెచ్చుకుంటారు, మాకేం ఒరుగుతుందన్నది ఆమె ప్రశ్న. దర్శకుడు ఆ మాటలను కత్తిరించలేదు. చిత్రానికి ఉత్తమ డాక్యుమెంటరీగా జాతీయ అవార్డు వచ్చింది. అంతటితో ఆయన చేతులు దులుపుకోలేదు. 1986లో గుడిసెలు కోల్పోయినవారి పక్షాన జరిగిన నిరాహారదీక్షలో నటి షబానా ఆజ్మీతో పాటు తానూ కూర్చున్నారు.

ఫుట్‌పాత్‌ వాసులను వెళ్లగొట్టాలని 1981లో ప్రభుత్వం తలపెట్టగా, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 1985 జూలైలో కోర్టు చెప్పింది. కానీ ఫుట్‌పాత్ మీద కాపురముండే హక్కు ఎవరికీ లేదన్నది. వానాకాలం వెళ్లేవరకూ గుడిసెల జోలికి పోవద్దని మాత్రం ఆదేశించింది.

ఈ గోడు మన పాలమూరుకు పరాయిది కాదు. తెలంగాణ నుంచి వెళ్లి కట్టడపు పనులు చేసిన కామాఠీల పేరు మీదనే అక్కడి కామాఠిపుర వెలిసింది. తరతరాలుగా మన కూలీలు మేస్త్రీల వెంట ఆ నగరానికి వలసపోయారు. పునాదులు తవ్వారు, రాళ్లు మోశారు. ఇల్లు పూర్తయ్యాక గుడిసె ఎత్తి ఇంకో పని వెతుక్కున్నారు.

పండక్కి ఊరికొచ్చిన వలసకూలీ చుట్టూ చేరి అక్కడి వింతలన్నీ అడుగుతాం. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "రాత్రిపూట ఎక్కడ పడుకుంటున్నావు?"