బాలిలో ఒక రాత్రి: 10 లక్షల గదికి 12 లక్షల బిల్లు

బాలి హోటళ్ల ధరలు మొదటిసారి చూసినవాళ్లు ఉలిక్కిపడతారు. రాత్రికి 10,00,000 అని ఉంటుంది. అవి ఇండోనేషియా రుపియాలు. మన రూపాయికి సుమారు 190 రుపియాల లెక్కన అది 5,263 రూపాయలు. ఆ డబ్బుకు ఉబుద్ అనే ఊరి చుట్టుపక్కల వరిమడుల వైపు తెరుచుకునే వరండా, ఈతకొలను, పొద్దున టిఫిను, ప్రాంగణంలోనే స్పా ఉన్న హోటల్ దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఆ ధరకు వచ్చేది చాలావరకు ఊరికి పనిమీద వచ్చినవాళ్లు దిగే మామూలు గదే. బాలిలో విలాసం ఇంత అందుబాటులో ఎలా ఉందో, చివరికి మన జేబులోంచి ఎంత పోతుందో అంకెలతోనే చూద్దాం.

ముందు బిల్లు. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూడండి. చాలామంది వాటిని పట్టించుకోరు. మొదటి ప్లస్ సర్వీస్ చార్జి, 10 శాతం. రెండోది స్థానిక పన్ను, అదీ 10 శాతమే. రెండూ కలిపి 20 అనుకుంటాం కానీ పన్ను వేసేది సర్వీస్ చార్జి కలిపిన మొత్తంపైన. 10 లక్షలు కాస్తా 11 లక్షలై, దాని మీద 10 శాతం పడి 12,10,000కు చేరుతుంది. అంటే 21 శాతం. రాత్రికి 5,263 రూపాయలనుకున్నది 6,368 అయింది. నాలుగు రాత్రులకు అదనం 4,400 రూపాయలు దాటుతుంది. బుకింగ్ సైట్లలో కొన్ని ఈ 21 శాతం కలిపి చూపిస్తాయి, కొన్ని ఆఖరి పేజీ దాకా చూపించవు. రెండు హోటళ్లను పోల్చేటప్పుడు ఆఖరి అంకెనే చూడాలి.

మన దగ్గరా ఇలాంటి మడతపేచీ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. కాబట్టి 7,500 గదికి బిల్లు 7,875 వస్తే, 7,600 గదికి 8,968 వస్తుంది. వంద రూపాయల అద్దె తేడా బిల్లులో 1,093 అవుతోంది. బాలిలో ఇలాంటి గీత లేదు. చిన్న గదికైనా పెద్ద విల్లాకైనా లెక్క ఒకటే.

గది అద్దెలో కనిపించని ఖర్చులు మరో రెండు ఉన్నాయి. మనవాళ్లకు విమానాశ్రయంలో ఇచ్చే 30 రోజుల వీసాకు 5,00,000 రుపియాలు. 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకులు ఒక్కొక్కరు 1,50,000 రుపియాల రుసుము కూడా కట్టాలి. భార్యాభర్తలిద్దరికీ కలిపి 13 లక్షలు, అంటే 6,800 రూపాయల పైమాట. పైన చెప్పుకున్న గదిలో ఒక రాత్రి బస కంటే ఇదే ఎక్కువ! అందుకే రెండు రాత్రుల కోసం వెళ్లడం డబ్బు దండగ. ఐదారు రాత్రులుంటే ఈ భారం పలచబడుతుంది. విమానాశ్రయం నుంచి ఉబుద్‌కు దూరం 35 కిలోమీటర్ల పైచిలుకే అయినా ట్రాఫిక్ వల్ల గంటన్నర పడుతుంది. టాక్సీకి మూడు నాలుగు లక్షల రుపియాలవుతాయి.

ఇన్ని ఖర్చులున్నా చవకే అనిపించడానికి మొదటి కారణం రుతువు. భూమధ్యరేఖకు 8 డిగ్రీల దక్షిణాన ఉన్న బాలిలో నవంబర్ నుంచి మార్చి దాకా వానలు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. అక్కడి ముఖ్య నగరం దెన్‌పసార్‌లో జనవరి నెల వాన సగటున 300 మిల్లీమీటర్లు దాటుతుంది, ఆగస్టులో 50 కూడా ఉండదు. జులై, ఆగస్టుల్లో ఆస్ట్రేలియా, ఐరోపా జనం దిగడంతో ధరలకు రెక్కలొస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మళ్లీ అదే పరిస్థితి. మన ఎండాకాలం సెలవులు సరిగ్గా ఈ తాకిడికి ముందు, వానలు వెనక్కి తగ్గాక వస్తాయి. దసరా సెలవులూ అంతే, రద్దీ తగ్గాక వస్తాయి. తెలుగు కుటుంబాలకు ఇంతకంటే కలిసొచ్చే క్యాలెండర్ ఉండదు. 2024లో బాలికి వచ్చిన 63 లక్షల పైచిలుకు విదేశీయుల్లో ఆస్ట్రేలియా తర్వాత ఎక్కువమంది భారతీయులే.

తేదీలు ఖాయం చేసుకునే ముందు నేపి ఎప్పుడో కూడా చూసుకోవాలి. బాలి హిందువుల శక సంవత్సరాది అది. ఆ రోజు పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా దీవి మొత్తం మౌనం పాటిస్తుంది. విమానాశ్రయం మూసేస్తారు, ఎవరూ వీధిలోకి రారు, పర్యాటకులూ హోటల్ గేటు దాటకూడదు. 2026లో నేపి, మన ఉగాది ఒకే రోజు, మార్చి 19న పడ్డాయి. నేపి రోజు విమానం ఎక్కాలనుకుంటే కుదరదు. హోటల్లోనే ఉండిపోదామనుకునేవారికి మాత్రం అంతకంటే ప్రశాంతమైన రోజు ఏడాదంతా దొరకదు.

రెండో కారణం భవనాల ఎత్తు. 1966లో సనూర్ తీరంలో బాలి బీచ్ హోటల్ వెలిసింది, పది అంతస్తులు. ఆ తర్వాత కట్టడాల ఎత్తుకు 15 మీటర్ల హద్దు పెట్టారు, కొబ్బరిచెట్టును మించకూడదని. అందువల్ల ఇక్కడి హోటళ్లు పైకి పెరగకుండా పక్కకు విస్తరించాయి. తక్కువ గదులు, మధ్యలో తోట, గడప ముందు కొబ్బరాకు దొప్పలో పూలు. వేరేచోట బాగా ఖరీదైన హోటళ్లకే పరిమితమైన ఈ ఏర్పాటు బాలిలో మధ్యతరగతి హోటల్‌కూ అబ్బింది. తీరం వదిలి లోపలి ఊళ్లకు వెళ్లేకొద్దీ ధర ఇంకా తగ్గుతుంది.

ఇక స్పా. ఉబుద్ వీధుల్లో గంటసేపు బాలినీస్ మసాజ్‌కు లక్షన్నర రుపియాలు అటూఇటూగా తీసుకుంటారు, సుమారు 790 రూపాయలు. హోటల్ స్పాలో అదే గంటకు 6 లక్షలని రాసి ఉందనుకుందాం. ప్లస్‌లు కలిస్తే 7,26,000, అంటే 3,821 రూపాయలు. దాదాపు ఐదు రెట్లు. ఒట్టి మసాజ్‌కైతే బయటికి వెళ్లడమే మేలని నా అభిప్రాయం, చేతి పనితనంలో అంత తేడా ఉండదు. హోటల్లో చేయించుకోదగ్గది లులుర్. జావా రాచకుటుంబాల నుంచి వచ్చిన పద్ధతి. పసుపు, చందనం, బియ్యప్పిండి కలిపిన ముద్దను ఒళ్లంతా పట్టించి ఆరనిస్తారు. ఆరాక అరచేతులతో రుద్దుతుంటే పసుప్పచ్చటి నలకలు దుప్పటి మీద రాలతాయి. తర్వాత పెరుగు పూసి, పూలు వేసిన తొట్టి స్నానం. పెళ్లికి ముందు వధువుకు చేసేవారట. మన పెళ్లిళ్లలో నలుగు చూసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. దీనికి దాదాపు రెండు గంటలు, తొట్టి, ఏకాంతం కావాలి. వీధి దుకాణంలో అవి కుదరవు, ఇక్కడ ఎక్కువ ఖర్చుకు అర్థం ఉంది.

ఈ స్పాల మీద పెద్ద న్యాయపోరాటమే నడిచింది. ఇండోనేషియా 2022లో తెచ్చిన చట్టం స్పాలను నైట్‌క్లబ్బులు, బార్లతో కలిపి వినోదం కింద వేసి, 40 నుంచి 75 శాతం పన్నుకు దారి తెరిచింది. బాలి స్పా యజమానులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 2025 జనవరిలో తీర్పు వచ్చింది, స్పా సంప్రదాయ ఆరోగ్య సేవలో భాగమని. తీర్పు స్పాలకు వ్యతిరేకంగా వచ్చి ఉంటే అందుబాటు ధరలో స్పా అనే మాటే మర్చిపోవాల్సి వచ్చేది.

మూడో కారణం చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిందే, జీతాలు. 2025లో బాలి కనీస వేతనం నెలకు 29,96,561 రుపియాలు, మన లెక్కలో 15,771 రూపాయలు. జిల్లాను బట్టి కొంత ఎక్కువ. మన ఒక్క రాత్రి బిల్లు అందులో 40 శాతం. నెలకు 26 పనిరోజులనుకుంటే రోజు కూలి 1,15,000 రుపియాలు. మనం చవక అనుకున్న గంట మసాజ్ ధరలో అది పూర్తిగా ఇమిడిపోతుంది. ఆ లక్షన్నరలో దుకాణం అద్దె, నూనె, యజమాని వాటా పోను మసాజ్ చేసినామెకు మిగిలేది ఎంతో ఊహించవచ్చు.

బిల్లులో సర్వీస్ చార్జి చూసి విసుక్కునేవారికి ఒక నిబంధన తెలియాలి. ఇండోనేషియా కార్మిక శాఖ 2016లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ మొత్తంలో 95 శాతం సిబ్బందికే పంచాలి. 3 శాతం పగిలిన, పోయిన వస్తువులకు, 2 శాతం శిక్షణ వంటివాటికి. నాలుగు రాత్రులకు మనం కట్టే 4 లక్షల సర్వీస్ చార్జిలో 3,80,000 వంటగది వాళ్లకూ, తోటమాలికీ, దుప్పట్లు మార్చేవాళ్లకూ వెళ్లాలి. మనకు ఎదురుపడనివారికీ అందులో వాటా ఉంది. అందువల్ల ఖర్చు తగ్గించుకోవాలంటే దాని జోలికి పోకుండా నెల మార్చుకోండి, తీరం నుంచి లోపలి ఊరికి మారండి, కార్డు మెషిన్ రూపాయల్లో కట్టమంటే వద్దని రుపియాల్లోనే కట్టండి. ప్లస్ గుర్తులు లేని వీధి స్పాలో మాత్రం లేచి వచ్చేటప్పుడు 30 వేలో 50 వేలో రుపియాలు, అంటే సుమారు 160 నుంచి 260 రూపాయలు, మసాజ్ చేసినామె చేతికే ఇవ్వండి. కౌంటర్‌లో ఇస్తే ఆమెకు చేరుతుందన్న భరోసా లేదు.