మంచు ఖండపు ముంగిట అతిథులు

అర్జెంటీనా దేశపు దక్షిణపు కొసన ఉషుయాయా అనే ఓడరేవు పట్టణం ఉన్నది. నవంబరు నుండి మార్చి వరకు, అంటే మనకు చలికాలమై అక్కడ వేసవి అయిన రోజులలో, ఆ రేవు నుండి నౌకలు వరుసగా లంగరెత్తి దక్షిణ దిశకు సాగిపోతుంటాయి. అవి సరుకు నౌకలు కావు, చేపల ఓడలూ కావు. నూరు మందో రెండు వందల మందో యాత్రికులు వాటిలో ఉంటారు. వారి గమ్యం అంటార్కిటికా. స్థిర నివాసులు ఒక్కరు కూడా లేని ఖండం అది. సుమారు ఒక కోటి నలభై లక్షల చదరపు కిలోమీటర్ల నేల, దానిపై సగటున రెండు కిలోమీటర్ల మందాన మంచు. 1983 జులైలో అక్కడి వోస్తోక్ కేంద్రం వద్ద సున్నాకు దిగువన 89.2 డిగ్రీల సెల్సియస్ చలి నమోదైనది.

ఈ నౌకలు ముందుగా డ్రేక్ జలసంధిని దాటవలెను. దాదాపు వేయి కిలోమీటర్ల దూరం, రెండు రోజుల ప్రయాణం. ఆ అక్షాంశాలలో భూగోళం చుట్టూ గాలికి అడ్డుపడే భూమి ఎక్కడా లేదు. కనుక గాలి లోకమంతా చుట్టివచ్చి అక్కడి నీటిపై తన బలం చూపుతుంది. అలలు మూడంతస్తుల మేడ ఎత్తున లేచే రోజులుంటాయి. ఎంత ఖరీదైన గది తీసుకున్నవారైనా సముద్రపు వాంతులకు అతీతులు కారు. ఆ రెండు రోజులూ ఓడలో ధనిక పేద తేడా ఉండదని వెళ్ళివచ్చినవారు నవ్వుతూ చెబుతారు.

మిగిలిన రోజులలో ఆ తేడా బాగానే కనిపిస్తుంది. గదికొక వరండా, అద్దాల గోడల విశ్రాంతి మందిరం, వేడినీటి కొలను, గ్రంథాలయం, శాస్త్రజ్ఞుల ఉపన్యాసాలకు ప్రత్యేక సభామందిరం ఉంటాయి. కొన్ని నౌకలపై హెలికాప్టరు, చిన్న జలాంతర్గామి కూడా ఉంటాయి. ఫ్రాన్సుకు చెందిన ‘ల కమాండాన్ షార్కో’ అనే నౌక మంచును చీల్చుకుంటూ 2021 సెప్టెంబరులో ఉత్తర ధ్రువాన్నే చేరినది. దానికి ఆ పేరు ఏ షార్కో స్మారకంగా పెట్టారో, ఆ ధ్రువ అన్వేషకుడు 1936లో తన ఓడ ఐస్‌లాండ్ తీరాన బద్దలు కాగా మరణించెను. ఆ ఓడలో ప్రాణాలతో మిగిలినవాడు ఒక్కడే. ఆయన పేరు గల నౌకలో నేడు యాత్రికులు వేడినీటి కొలనులో కూర్చొని మంచుకొండలను తిలకిస్తున్నారు. కాలం తెచ్చిన మార్పు అటువంటిది.

సామాన్య యాత్రికులను ఆ ఖండానికి విజ్ఞాన యాత్రగా తీసుకొనిపోయే పద్ధతికి ఆద్యుడు లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. ఆయన తొలి యాత్ర 1966లో జరిగినది. కళ్ళారా చూడనిదానిని మనిషి కాపాడలేడన్నది ఆయన నమ్మకం. మన దేశం నుండి తొలి శాస్త్రీయ బృందం వెళ్ళినది మరో పదహారేండ్లకు. ఆ 21 మంది బృందానికి నాయకుడు డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చదివిన సముద్ర శాస్త్రజ్ఞుడాయన. అనంతరం జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా కూడా పనిచేసెను. నార్వే నుండి అద్దెకు తెచ్చిన ‘పోలార్ సర్కిల్’ ఓడలో గోవా నుండి బయలుదేరి 1982 జనవరి 9న ఆయన బృందం ఆ మంచుపై కాలుమోపినది. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఈ పేరు ఇంకా ప్రముఖంగా ఉండవలసినదని మా అభిప్రాయం.

విలాస నౌకల విషయంలో మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినవి అక్కడి విలాసాలు కావు, నియమాలు. 1959 డిసెంబరు 1న పన్నెండు దేశాలు సంతకం చేసిన అంటార్కిటికా ఒప్పందం ప్రకారం ఆ ఖండం శాంతికీ శాస్త్రానికీ మాత్రమే వినియోగపడవలెను. అక్కడ సైనిక చర్యలు నిషిద్ధం. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన మరో ఒప్పందం గనుల తవ్వకాన్ని నిషేధించినది. అదే ఏడాది యాత్రా సంస్థలు కూడా ఒక సంఘంగా ఏర్పడి తమకు తామే కట్టుబాట్లు విధించుకొన్నవి. ఒక చోట ఒకేసారి నూరు మందికి మించి ఒడ్డున దిగరాదు. అయిదు వందలకు మించి యాత్రికులున్న ఓడ అసలు ఎవరినీ దింపరాదు. పెంగ్విన్‌కు అయిదు మీటర్ల లోపు వెళ్ళరాదు. అదే నడచి దగ్గరకు వస్తే మనిషే నిలిచి దానికి దారి ఇవ్వవలెను. తినుబండారాలు ఒడ్డుకు తీసుకొనిపోరాదు. దిగే ముందు బూట్లు కడగవలెను, దుస్తుల జేబులలో ఒక్క గడ్డివిత్తు కూడా లేకుండా యంత్రంతో శుభ్రం చేయించుకోవలెను. తిరిగి వచ్చేటప్పుడు గులకరాయి గాని, ఈక గాని, ఎముక గాని వెంట తేరాదు.

ఈ జాబితా చదువుతున్నప్పుడు హజ్ పాఠం చెప్పే ఏ ఉపాధ్యాయునికైనా మక్కా హరమ్ సరిహద్దులు గుర్తుకు రాక మానవు. అక్కడ వేటాడరాదు, జంతువును బెదిరించి తరమరాదు, తనంతట మొలచిన పచ్చని చెట్టును నరకరాదు, దారిలో పడి ఉన్న వస్తువును సొంతం చేసుకోరాదు. ఆ పవిత్రతతో మరే నేలకూ పోలిక లేదు, మేము పోల్చడమూ లేదు. అయితే మనిషి కొంత భూభాగాన్ని తన చేతి నుండి తానే కాపాడుకోవలెననే మాట మనకు కొత్తది కాదు. ఇహ్రామ్ ధరించినవాడు పురుగును కూడా చూసి అడుగు వేయడం నేర్చుకొన్నట్లే, కోటీశ్వరుడైన యాత్రికుడు అక్కడ ఒక పక్షి దాటిపోయేవరకు చలిలో నిలబడి ఎదురుచూడడం నేర్చుకొంటున్నాడు.

ఈ కట్టుబాట్లు ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే డిసెప్షన్ ద్వీపంలో దిగవలెను. అది సముద్రంలో మునిగిన అగ్నిపర్వతపు నోరు. ఒకవైపు ఇరుకైన సందు గుండా ఓడ లోనికి ప్రవేశిస్తుంది. లోపలి తీరంలో తిమింగలాలను ఉడికించి నూనె తీసిన కర్మాగారపు తుప్పుపట్టిన బాయిలర్లు, పీపాలు నేటికీ నిలిచి ఉన్నవి. 1931 వరకు అక్కడ ఆ పని సాగినది. దీపాలకూ సబ్బుకూ వనస్పతికీ నూనె కావలసి వచ్చి మనిషి ఆ సముద్రాలను దాదాపు ఖాళీ చేసినాడు. వేట ఆగిన తరువాత మూపురపు తిమింగలాలు క్రమంగా పెరిగి, నేడు ఫిబ్రవరి, మార్చి నెలలలో యాత్రికుల రబ్బరు పడవల పక్కనే లేచి ఊపిరి వదులుతున్నవి.

ఇక నాణేనికి మరో ముఖం. 1990ల ప్రారంభంలో ఏడాదికి పదివేల లోపు ఉన్న సందర్శకుల సంఖ్య 2023–24లో లక్షా ఇరవై వేలు దాటినది. ఓడల పొగలోని నల్లని మసి మంచుపై పడితే ఆ మంచు ఎండను పీల్చుకొని త్వరగా కరుగుతుంది. 2022లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక్కొక్క సందర్శకుని రాక మూలంగా కరిగే మంచు సుమారు 83 టన్నులు. చిక్కని నాసిరకం నూనెను ఆ జలాలలో 2011 నుండి నిషేధించారు గాని, ఓడ నడవడానికి ఏదో ఒక ఇంధనం మండవలసినదే. ప్రమాదమూ లేకపోలేదు. లిండ్‌బ్లాడ్ కట్టించిన తొలి యాత్రా నౌకయే 2007 నవంబరు 23న మంచు తగిలి చిల్లుపడి మునిగిపోయినది. అందులోని 154 మందీ పడవలలో గంటల తరబడి చలికి వణికి, సమీపంలో ఉన్న నార్వే నౌక వచ్చి ఎక్కించుకొనగా దైవకృపతో బ్రతికి బయటపడ్డారు. సమీపంలో మరో నౌక లేని రోజయితే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

గల్ఫ్‌లో ఇంజనీరుగా ఉన్న మా పూర్వ విద్యార్థి ఒకరు నిరుడు మాకు ఫోను చేసి, “హజ్రత్, అబ్బాను అమ్మీని మంచు ఖండానికి తీసుకొనిపోవాలని ఉన్నది. ఇది ఇస్రాఫ్ అవుతుందా?” అని అడిగెను. అతని తండ్రి జిల్లా పరిషత్ పాఠశాలలో ముప్పై ఏండ్లు భూగోళ శాస్త్రం బోధించినవారు. గోళాన్ని తలకిందులు చేసి అడుగున ఉన్న తెల్లని ప్రదేశాన్ని పిల్లలకు చూపించడం ఆయనకు ఎంతో ఇష్టం. ఖర్చు సంగతి విచారించగా, విమాన ఛార్జీలు కాక ఒక్కరికి అయిదారు లక్షల నుండి పాతిక లక్షల వరకు, ఓడను బట్టి, గదిని బట్టి మారుతుందని తెలిసినది.

మేము వెంటనే అవుననలేదు, కాదనలేదు. ముందు కొన్ని ప్రశ్నలు వేసినాము. తల్లిదండ్రుల హజ్ జరిగినదా? జరగలేదని సమాధానం. అప్పు ఉన్నదా? చెల్లెలి వివాహానికి చేసినది కొంత మిగిలి ఉన్నది. జకాత్ లెక్క ఏటేటా తీస్తున్నావా? ఇక్కడ మాత్రం అతడు వెంటనే అవునన్నాడు. విధిగా ఉన్న యాత్రకు పైకం, ఆరోగ్యం రెండూ ఉండగా దానిని వాయిదా వేసి వేడుకగా ఉన్న యాత్రకు వెళ్ళడం తగదని చెప్పినాము. అప్పు తీర్చి, హజ్ చేయించి, ఆ పైన కూడా స్తోమత మిగిలితే, ఒక భూగోళ ఉపాధ్యాయుడు తన జీవితమంతా బోధించిన నేలను చూడబోవడాన్ని దుబారా అనడానికి మా నోరు రాదు. భూమిపై సంచరించి సృష్టిని పరికించమన్న దైవాజ్ఞ ధనికుల విషయంలో రద్దు కాలేదు. అయితే పాతిక లక్షల గదికీ ఆరు లక్షల గదికీ కిటికీలో కనిపించే మంచుకొండ ఒక్కటే. ఆ మధ్యనున్న పంతొమ్మిది లక్షలకు మాత్రం జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. తల్లి మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా అడిగినాము. ఊగే ఓడ నుండి రబ్బరు పడవలోకి దిగడం, అందులో నుండి చల్లని నీటిలో అడుగువేసి ఒడ్డెక్కడం వయసు మళ్ళినవారికి తేలిక కాదు. “మీరిద్దరూ వెళ్ళి ఫోనులో చూపించండి, నాకు మక్కా చాలు” అని ఆ తల్లి తేల్చివేసినదట. ఈ ఏడాది వారి హజ్ పూర్తయినది, అల్‌హందులిల్లాహ్. తండ్రి ఇప్పుడు ఓడల పట్టికలు ముందేసుకొని కూర్చొంటున్నారు.

ఓడపై నమాజు సంగతి ఆయన మమ్మల్ని వివరంగా అడిగినారు. ఆ వివరాలు పాఠకులకూ ఉపయోగపడగలవు. చాలా యాత్రలు ధ్రువవృత్తాన్ని దాటవు. 65వ అక్షాంశం దరిదాపులలోనే తిరిగి వస్తాయి. అక్కడ డిసెంబరులో సూర్యుడు రెండు మూడు గంటలు అస్తమిస్తాడు గాని చీకటి పడదు, సంధ్యాకాంతి తెల్లవారేదాకా నిలిచే ఉంటుంది. కనుక మగ్రిబ్ వేళ కంటికి కనబడుతుంది, ఇషా వేళ కనబడదు. వృత్తాన్ని దాటినవారికి మగ్రిబ్ సైతం కనబడదు. దజ్జాల్ కాలంలో ఒక దినం సంవత్సరమంత సుదీర్ఘంగా ఉంటుందని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు, ఆ దినాన ఒక్కరోజు నమాజులు సరిపోతాయా అని సహచరులు అడిగిరి. సరిపోవు, వేళలను అంచనా కట్టుకోండని ఆయన ఉపదేశించెను. ఉలమాలు ఈ హదీసునే ఆధారం చేసుకొని, రాత్రింబవళ్ళు స్పష్టంగా ఉన్న సమీప ప్రాంతపు వేళలను గాని, మక్కా వేళలను గాని అనుసరించమన్నారు. ఈ చిక్కు నేటిది కూడా కాదు. క్రీ.శ. 922లో బాగ్దాదు నుండి వోల్గా తీరానికి దౌత్యానికి వెళ్ళిన ఇబ్న్ ఫద్లాన్ ఒక సాయంత్రం ఇషా అజాను కోసం ఎదురుచూస్తూ కూర్చొనగా, వినబడినది ఫజ్ర్ అజాను. అంత చిన్న రాత్రులు అక్కడివి. ఫజ్ర్ తప్పిపోతుందేమోనన్న భయంతో నెల రోజులుగా రాత్రి నిద్ర పోలేదని అక్కడి ముఅజ్జిన్ ఆయనతో చెప్పుకొన్నాడు.

ఖిబ్లా విషయానికి వస్తే, అంటార్కిటికా ద్వీపకల్పం నుండి అది దాదాపు తూర్పు దిశలో ఉన్నది. ఓడ తిరుగుతుంటుంది గనుక ప్రతి నమాజుకూ దిక్సూచి చూసుకోవలెను. ఓడ ఊగి నిలబడలేకపోతే కూర్చొని చదవవచ్చు. ఉత్తర ధ్రువానికి వెళ్ళినవారి స్థితి మరీ విచిత్రం. అక్కడ ఏ వైపు తిరిగినా దక్షిణమే, వాటిలో మక్కా మీదుగా పోయే రేఖాంశపు వైపు నిలబడవలెను. మరొక మాట. 2023–24లో పక్షుల ఫ్లూ వ్యాధి ఆ దక్షిణ ప్రాంతాలకు చేరిన నాటి నుండి, జీవుల సంచారం ఉన్న చోట నేలపై కూర్చొనరాదని, మోకరిల్లరాదని నిబంధన పెట్టినారు. కనుక ఒడ్డున సజ్దా చేయాలని మనసు ఎంత కోరినా దానిని ఓడపైకి వాయిదా వేసుకోవలెను. భోజనశాలలో మద్యమూ పందిమాంసమూ సామాన్యం. టికెట్టు కొనే నాడే హలాల్ సంగతి లిఖితపూర్వకంగా తెలిపి, జవాబు తీసుకొని, అది దొరకని పక్షంలో శాకాహారానికీ చేపలకూ సిద్ధపడి వెళ్ళవలెను.

ధ్రువ ప్రాంతపు ప్రయాణాలలో మాకు అన్నిటికన్న ఇష్టమైనది ఒకటి ఉన్నది, అది యాత్రికులది కాదు. కెనడాలో ఉత్తర ధ్రువవృత్తానికి పైన ఇనువిక్ అనే ఊరు ఉన్నది. టాక్సీలు నడుపుకొంటూ, చిన్న దుకాణాలు పెట్టుకొని నూరు మంది లోపు ముస్లిములు అక్కడ నివసించేవారు. మసీదు కట్టడానికి ఆ మారుమూల సామగ్రి, కూలి భరించలేనంత ఖరీదు. అందుచేత దక్షిణాన ఉన్న విన్నిపెగ్ నగరంలో మసీదును పూర్తిగా కట్టించి, 2010లో ట్రక్కుపైకి ఎక్కించి, ఆపై మకెంజీ నదిలో చలికాలం రాకముందు వెళ్ళే చివరి పడవపై పెట్టి, మొత్తం నాలుగు వేల కిలోమీటర్లు తరలించినారు. సెప్టెంబరు చివర ఆ చిన్న పసుపుపచ్చ మసీదు నదిపై తేలుతూ ఒడ్డుకు చేరినది. మినార్‌ను అక్కడే నిలబెట్టినారు. ఆ ఊరిలో వేసవిలో యాభై రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. వారు దక్షిణాన దూరంగా ఉన్న ఎడ్మంటన్ నగరపు వేళలను అనుసరిస్తారు. రమజాన్ వేసవిలో వచ్చిన ఏండ్లలో వారు సూర్యుడు కిటికీలో వెలుగుతుండగానే గడియారం చూసుకొని ఖర్జూరం నోట వేసుకొన్నారు.